మధ్య గడిలో పెట్టిన టిక్కు

ముందు నొప్పి రాలేదు, చప్పుడు వచ్చింది. తడిగుడ్డ విదిలిస్తే వచ్చేలాంటి చిన్న చప్పుడు, నా కుడి మోకాలి లోపలి నుంచి. పక్కనున్న ఎవరికీ అది వినపడలేదు.

జపాన్‌లో, హొక్కైడోలో ఒక చిన్న స్కీయింగ్ వాలు అది. పోయినేడు కాదు, అంతకుముందటేడు డిసెంబరు, స్కూలు సెలవులు. సింగపూర్ నుంచి నలుగురం వెళ్ళాం. నేను, నా భార్య రమణి, పదమూడేళ్ళ మా అమ్మాయి సాహితి, సింగపూర్‌లోనే చోవా చూ కాంగ్ పేటలో ఉండే రమణి తమ్ముడు శ్రీను. రమణి మంచులోకి దిగలేదు. కింద క్యాంటీన్ కిటికీ పక్కన వేడి పాలు పెట్టుకుని కూర్చుని మమ్మల్ని చూసేది. మిగతా ముగ్గురం కాళ్ళకు పొడుగాటి స్కీ పలకలు తగిలించుకుని జారడం నేర్చుకుంటున్నాం.

నాలుగో రోజు మధ్యాహ్నం మూడు కావస్తోంది. అక్కడ ఆ వేళకే వెలుతురు పలచబడుతుంది. మంచు మీద ఎత్తుపల్లాలు తెలియవు, అంతా ఒకటే తెలుపు. సాహితి చాలంది. శ్రీను అప్పటికే బూట్లు వదులు చేసుకుంటున్నాడు. "ఇంకొక్కసారి" అన్నది నేనే.

సగం దిగాక ఎక్కడో వెనక్కి ఒరిగాను. పలకలు నాకన్నా ముందుకు పోతున్నాయి, నా నడుము మోకాళ్ళ కన్నా కిందికి దిగిపోయింది. పడిపోవచ్చు. నేను పడలేదు. శక్తంతా పెట్టి పైకి లేవబోయాను. కుడి పలక లోపలి అంచు మంచులో కరుచుకుని లోపలికి తిరిగింది, దానితో బూటు, బూటుతో కాలు. అప్పుడే ఆ చప్పుడు, ఆ తర్వాతే పడ్డాను. ఇంత జరిగినా పలక కాలి నుంచి ఊడలేదు.

శ్రీను కింద నుంచి అరిచాడు. "బావా, ఏటైంది? పడితే పడ్డావు గానీ మొహం అలాగెట్టావేటి?"

"ఏం లేదు. కొంచెం తిరిగింది" అన్నాను.

నిజంగానే పది నిమిషాల్లో నొప్పి తగ్గింది. పలకలు భుజాన వేసుకుని నడిచి దిగాను. ఇది చదివేవాళ్ళు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి, నడవగలిగితే ఏమీ కాలేదని అర్థం కాదు. హోటల్ మెట్ల దగ్గర కుడికాలు మోపాను. మోకాలు అక్కడ లేనట్టే అనిపించింది. రమణి పట్టుకోకపోతే మెట్ల మీద పడేవాణ్ణి. గంట తిరిగేసరికి మోకాలు సొరకాయలా ఉబ్బింది.

నేను మంచు దాకా ఎలా వచ్చానో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రపు ఒడ్డు. మా నాన్న చేపల పెట్టెల్లో ఐసు నింపే పని చేసేవాడు. చిన్నప్పుడు నాకు తెలిసిన చలి అదొక్కటే. ఆ ఐసు ఎప్పుడూ చేపల వాసనే. పదో తరగతిలో మా శాఖా గ్రంథాలయంలో అట్ట ఊడిన ఒక పత్రికలో రంగుల బొమ్మ చూశాను. తెల్లటి కొండ మీద నుంచి ఒక మనిషి రెండు పలకల మీద దిగుతున్నాడు, వెనకాల మంచు పొగలా లేస్తోంది. ఆ పేజీ కోసం ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. చించుకోవాలని చేయి వెళ్ళేది, లైబ్రేరియన్ గారి కళ్ళద్దాలు చూసి వెనక్కి వచ్చేది.

నా చదువు అక్కడే ఆగింది. వెల్డర్‌గా సెంబవాంగ్ షిప్‌యార్డుకు వచ్చాను, ఇప్పుడు సూపర్‌వైజర్ని. ఓడల ట్యాంకుల్లోకి నిచ్చెనలు దిగి ఎక్కే పని. కానీ చదవడం ఆపలేదు. యీషున్ లైబ్రరీలో పక్కన డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు చదవడం నేర్చుకున్నాను. అక్కడ పుస్తకాలకు నంబర్లు ఉంటాయి. 796 ఆటలది. 796.93 మంచు ఆటలది. ఆ అరలో ఉన్నవన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. నోటుబుక్కులో బొమ్మలు గీసుకున్నాను. టికెట్లు కొన్నాక ఆరు నెలలు మా బ్లాకు పదమూడు అంతస్తుల మెట్లు రోజూ ఎక్కాను. శ్రీను ఏమీ చేయలేదు. తొంభై నాలుగు కిలోల మనిషి, లిఫ్టు పాడైతే మా ఇంటికే రాడు.

ఆ నాలుగు రోజుల్లో వాడు ముప్పైసార్లు పడి ఉంటాడు. నవ్వుతూ పడేవాడు, పక్కకు బస్తా జారినట్టు. సాహితి పడింది. మాతోపాటు నేర్చుకున్న కొరియా ముసలాయన పడ్డాడు. అందరూ దులుపుకుని లేచారు. ఆసుపత్రికి వచ్చింది నేనొక్కణ్ణే.

సింగపూర్ ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్. పాలీక్లినిక్ నుంచి ఆసుపత్రికి పంపారు. డాక్టరు మోకాలి పై భాగాన్ని ఒక చేత్తో పట్టుకుని, కింది భాగాన్ని ముందుకు లాగి చూశారు. వదులుగా ఉన్న సొరుగులా అది ముందుకు వచ్చింది. ఎంఆర్ఐ తీశాక స్క్రీను మా వైపు తిప్పారు.

"ఏసీఎల్, కంప్లీట్ టేర్. మోకాలి లోపల రెండు ఎముకల్ని కట్టి ఉంచే తాడు పూర్తిగా తెగింది. వాటి మధ్య మెత్త, మెనిస్కస్ కూడా కొంచెం. డిసెంబరు వస్తే నాకు ఇవే మోకాళ్ళు. స్కీయింగ్?"

"అవును. డాక్టర్, అందరూ పడ్డారు. నాకే ఎందుకు?"

ఆయన నవ్వారు, వెటకారంగా కాదు. "ఎవరికి తెగుతుందో ముందే చెప్పగలిగితే నా పని సగం తగ్గేది. ఇది లేకుండా కూడా బతకొచ్చు, కాలు మెలిపడే పనులు మానేస్తే. నిచ్చెనలు ఎక్కుతారా?"

"ఎక్కుతాను. మళ్ళీ మంచులోకి కూడా వెళ్ళాలి."

రమణి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. బయటికొచ్చి లిఫ్టు దగ్గర అంది. "కాలు ఇరగ్గొట్టుకుని ఇంకా మంచేటండీ? సిగ్గు లేదేటి?"

నాలుగో రోజు పొద్దున జరిగినది ఆమెకు అప్పటికింకా చెప్పలేదు. ఆ పొద్దున నేను వాలు పైనుంచి కింది దాకా ఒక్కసారీ పడకుండా దిగాను. మధ్యలో ఎక్కడో భయం పోయింది. కాళ్ళ కింద మంచు సన్నగా గీసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చల్లటి గాలి పీల్చాను. ఏ వాసనా లేదు. నా జీవితంలో చేపల వాసన లేని మొదటి చలి అది. కింద ఆగాక కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, చలికి అనుకున్నారు అందరూ. అలాంటిది ఇంకొక్కటి కావాలని రోజంతా వెతికాను. పొద్దు వాలేదాకా వెతికాను. అది మళ్ళీ దొరకకుండానే మోకాలు పోయింది.

ఫిబ్రవరిలో ఆపరేషన్. తొడ వెనక నుంచి నరంలాంటి ముక్క తీసి తెగినదాని చోట గ్రాఫ్ట్ వేశారు. యార్డులో నన్ను స్టోర్సులో కూర్చోబెట్టారు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి పేరు ఫరీదా. ఇరవై ఆరేళ్ళుంటాయి, నన్ను మొదటి రోజే అంకుల్ అంది. నాకు నలభై మూడు. ఇక్కడ మోకాలికి పట్టీ కట్టుకున్నవాడు ఎవడైనా అంకులే.

మొదటి ఎదురుదెబ్బ మా ఇంట్లోనే తగిలింది. పడుకున్నప్పుడు మోకాలు లాగుతోందని నేను మూలిగితే, రమణి పాత నేతచీర ఒకటి గట్టిగా చుట్టి మోకాలి కింద పెట్టింది. ఎంత హాయిగా ఉండేదో! పది రోజులు అలాగే పడుకున్నాను. రెండో వారం ఫరీదా నన్ను బల్ల మీద పడుకోబెట్టి కాలు చాపమంది. చాచాను. మోకాలి కింద ఆమె అరచేయి దూరిపోయింది.

"అంకుల్, ఎవరు పెట్టారు దిండు?"

పక్కన కుర్చీలో రమణి తల దించుకుంది.

"వంగడం తర్వాతైనా వస్తుంది. చాపడం ఇప్పుడు రాకపోతే కష్టం. హాయిగా ఉంది అంటే మోకాలు వంకరగా అతుక్కుంటోంది అని. హాయి వద్దు, ఓకే లా?" మాట చివర ఆ "లా" ఇక్కడివాళ్ళ ఊతపదం.

బస్సులో రమణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. "మంచికే ఎట్టినాను. నాకేటి తెలుసు?" అంది. ఇంటికి రాగానే అదే చీర చుట్టను నా మడమ కిందికి జరిపింది. మోకాలు గాల్లో వేలాడుతూ తన బరువుకు తాను కిందికి దిగాలి. రోజుకు ఆరుసార్లు, పది నిమిషాలు. ఆమె పక్కన కూర్చుని గడియారం చూసేది. నేను తిట్టేవాణ్ణి. "తిట్టండి, ఇంకా మూడు నిమిషాలుంది" అనేది. కాలు పూర్తిగా చాపడానికి ఏడు వారాలు పట్టింది.

కర్రలతో నడవగలిగిన రోజు నేరుగా లైబ్రరీకి వెళ్ళాను. ఈసారి 796 దగ్గర ఆగలేదు, 617కి వెళ్ళాను. అది ఆపరేషన్లది, ఆటల దెబ్బలది. అందరూ పడే చోట ఒక్కడికే ఎందుకు తెగుతుంది? చదువుతూ పోయాను. అలసిన కాళ్ళు ఆలస్యంగా స్పందిస్తాయట. అందుకే రోజు చివర దెబ్బలు. కొందరి ఎముకల ఆకారమే అంత. ఆడవాళ్ళకు ఈ ఏసీఎల్ తెగే అవకాశం మగవాళ్ళ కన్నా ఎక్కువట. పాత దెబ్బ ఉన్నవాళ్ళకు ఇంకా ఎక్కువ. కొత్తగా నేర్చుకునేవాళ్ళు, సరిపడని సామాను వాడేవాళ్ళు. ఒక పేజీలో గీతల బొమ్మ ఉంది. వెనక్కి ఒరిగిన మనిషి, మోకాళ్ళ కన్నా కింద నడుము, పలక లోపలి అంచు మీద బరువు, పైకి లేవాలనే ప్రయత్నం. కింద ఒకే సలహా, లేవబోవద్దు, పడిపో.

నా నోటుబుక్కు తెరిచాను. అదే బొమ్మ వెళ్ళే ముందే నా చేత్తో గీసుకున్నాను, నీలం ఇంకుతో. కింద నా అక్షరాలే, పడిపో.

ఫరీదాకు ఆ పేజీ చూపించాను. ఆమె బొమ్మ మీద వేలు పెట్టి అడిగింది.

"స్కీ స్కూల్లో పడడం నేర్పలేదా?"

నేర్పారు. మొదటి రోజు అరగంట అదే. పక్కకు కూర్చోవడం, చేతులు ముందుకు పెట్టుకోవడం. శ్రీను, సాహితి పిల్లల్లా దొర్లారు. నేను రెండుసార్లు చేసి, వచ్చేసిందని పక్కన నిలబడ్డాను. టీచరమ్మ నన్ను చూసి "డోంట్ ఫైట్. సిట్" అని రెండుసార్లు అంది. యార్డులో ఇరవై ఏళ్ళుగా కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట, పడొద్దు. నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, తాడుకు కొక్కెం. పడినవాడి పేరు బోర్డు మీద రాస్తాం. అలాంటి కాళ్ళకు అరగంటలో పడడం నేర్పగలరా?

"మీ బావమరిది కాళ్ళకు యార్డు తెలియదు" అంది ఫరీదా.

ఒక ఆదివారం శ్రీను వచ్చాడు, దారిలో తిండి అంగళ్ళుండే హాకర్ సెంటర్ నుంచి ప్లాంటా మార్గరిన్ పూసిన పరోటాలు తెచ్చాడు. నేను సోఫాలో కాలు చాపుకుని నోటుబుక్కులో రాసుకుంటున్నాను. వాడు తింటూ నా భుజం మీదుగా చూశాడు.

"బావా, నాకు తగల్లేదని నీకు బాధేటి?"

"కాదురా. కారణం కావాలి."

"నా మోకాలికి సదువు రాదు బావా, అందుకే బతికిపోయింది."

రమణి వంటింట్లో నవ్వింది. సాహితి కూడా నవ్వింది. నేనూ నవ్వాను, కానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. శ్రీను ఫోనులో ఆ ట్రిప్పు ఫొటోలు తీసి చూపించడం మొదలుపెట్టాడు. వాడు ప్రతి కాగితాన్నీ ఫొటో తీస్తాడు. స్కీ అద్దెకిచ్చే షాపులో నింపిన ఫారాలు వచ్చాయి. మా ముగ్గురివీ నా చేతిరాతే. పుస్తకాలు చదివినవాణ్ణి కాబట్టి నేనే నింపాను.

ఆ ఫారంలో వయసు, ఎత్తు, బరువు, బూటు సైజు ఉంటాయి. చివర్లో మూడు గడులు ఉంటాయి. మొదటిది, కొత్తవాళ్ళు, నెమ్మదిగా జాగ్రత్తగా వెళ్ళేవాళ్ళు. మధ్యది, మోస్తరు. మూడోది, వేగంగా వెళ్ళేవాళ్ళు. బూటును పలకకు పట్టి ఉంచే స్ప్రింగు బిగింపును వీటిని బట్టే షాపువాళ్ళు సరిచేస్తారు. గడి పెరిగేకొద్దీ బిగింపు పెరుగుతుంది, పడినప్పుడు పలక అంత కష్టంగా ఊడుతుంది. శ్రీను ఫారంలో టిక్కు మొదటి గడిలో ఉంది. సాహితిది మొదటి గడిలో. నాది మధ్య గడిలో.

అప్పుడు గుర్తొచ్చింది. షాపులో పెద్దాయన నా ఫారం చూసి, తల ఎత్తి నన్ను చూసి "బిగినర్?" అని అడిగాడు. నేను "నో, నో" అన్నాను. అప్పటికి నా కాళ్ళు మంచును తాకనే లేదు.

"బావా?" అన్నాడు శ్రీను. ఆ ఫొటోలో ఏముందో వాడికి తెలియదు. నేను చెప్పాను. వాడు పరోటా కిందపెట్టాడు, జోకు వేయలేదు.

సాహితి అడిగింది. "నాన్నా, సో ఇట్ వాజ్ నాట్ బికాజ్ ఐ స్టాప్డ్ ఎర్లీ?"

"ఏమిటీ?"

తను ముందు ఆగిపోయి నాన్నని ఒంటరిగా పంపానని, తోడుంటే నెమ్మదిగా దిగేవాడని ఆ పిల్ల అన్ని నెలలూ అనుకుంటోంది. మాకు ఎవరికీ చెప్పలేదు. ఏ పుస్తకం నంబరులోనూ ఇది నాకు దొరకలేదు. దగ్గరికి పిలిచి ఫొటోలో టిక్కు చూపించి, ఇది నేను పెట్టాను అన్నాను. ఆమె చూసి "అయ్యో నాన్నా, సో యా యా వన్" అంది. ఇక్కడి పిల్లల భాషలో గొప్పలకు పోయేవాడు అని. చెంపలు తుడుచుకుంటూ అంది.

మరుసటి వారం ఫరీదాను అడిగాను. మొదటి గడిలో పెట్టి ఉంటే తెగేది కాదా?

"ఆ స్ప్రింగు ముఖ్యంగా కాలి ఎముకను కాపాడడానికి అంకుల్. మోకాలు మెలిపడితే అది పసిగట్టొచ్చు, పసిగట్టకపోవచ్చు. మొదటి గడిలో పెట్టినా తెగేదేమో. తెగకపోయేదేమో. మీరు ఆన్సర్ అడుగుతున్నారు, నా దగ్గర మేబీ ఒక్కటే ఉంది. ఇప్పుడు స్క్వాట్ చేయండి."

అలసట, వెలుతురు, బిగింపు, పడనివ్వని కాళ్ళు, ఇంకొక్కటి అన్న ఆశ. వీటిలో ఏది తెంచిందో నాకు ఎప్పటికీ తెలియదు. తెలియకుండానే కోలుకోవడం నేర్చుకున్నాను.

పోయిన డిసెంబరుకు ఆపరేషనై పది నెలలు. మంచుకు వెళ్ళగలనని నమ్మాను. మిషను మీద రెండు కాళ్ళ బలం కొలిచారు. ఎడమకాలితో పోలిస్తే కుడికాలు వందకు డెబ్బై ఎనిమిది. "తొంభై దాటాలి. లేకపోతే నేను సంతకం పెట్టను" అన్నారు డాక్టరు. సాహితిని శ్రీనుతో పంపాం. తను వద్దంది, నేనే పంపాను.

ఒకరోజు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. నేను స్టోర్సులో ఉన్నాను, బయట ఎండ మండిపోతోంది. అదే వాలు. "నాన్నా, ఏం చూపించాలి?" అంది.

"ఏమీ చూపించొద్దు. ఫోను కిందికి పట్టుకుని మెల్లగా దిగు. చప్పుడు వినిపించు."

దిగింది. స్క్రీను మీద తెలుపు, అప్పుడప్పుడు ఆమె ఎర్ర చేతితొడుగు. ఆ సన్నటి గీసుకునే చప్పుడు. నట్లు, బోల్టుల పెట్టెల మధ్య కళ్ళు మూసుకుని విన్నాను. మధ్యలో ఆమె పడింది. ఫోనులో గరగరమని మంచు, తర్వాత నవ్వు, వెనకనుంచి శ్రీను గొంతు. "బావా, సూసావా, నీ కూతురు నాకంటే బాగా పడతాది!"

ఫోను పెట్టాక కాసేపు పని చేయలేకపోయాను. తోటి స్టోర్‌కీపర్ నాగయ్య అంకుల్ టీ తెచ్చి పక్కన పెట్టారు. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగాయన, మంచు ఆయన జన్మలో చూడలేదు. "అక్కడ అంత సుఖమా తంబీ?" అని అడిగారు. అవునన్నాను.

ఇప్పుడు ఆపరేషనై పదిహేడు నెలలు. నిచ్చెనలు ఎక్కుతున్నాను. వానకు ముందు మోకాలు బిగుసుకుంటుంది. ఆదివారం పొద్దున సెంబవాంగ్ పార్కులో సాహితి నాకు పడడం నేర్పుతుంది. గడ్డివాలు మీద పలకల్లేకుండా నిలబడి, "నౌ!" అనగానే పక్కకు కూర్చోవాలి. మొదట్లో కాళ్ళు వినేవి కాదు, గట్టిగా బిగుసుకునేవి. "నాన్నా, యు ఆర్ ఫైటింగ్ అగైన్ లా" అనేది. ఒకసారి నడకకు వచ్చిన చైనీస్ ఆంటీ ఆగి, "అంకుల్ ఓకే ఆ? మందు ఎక్కువైందా?" అని అడిగింది. రమణి చెట్టుకింద కూర్చుని నవ్వి నవ్వి కొంగు నోటికి పెట్టుకుంది. ఈమధ్య నాలుగైదుసార్లు ఆలోచించకుండా పడ్డాను. ఒక మనిషి దీనికి సంతోషిస్తాడని యార్డులో చెబితే నమ్మరు.

శనివారాలు మార్కెట్లో చేపల కొట్టు దగ్గర రమణి బేరమాడుతుంటే, నేను ఐసు పొడిలో అరచేయి పెడతాను. చల్లగా ఉంటుంది. చేపల వాసన వస్తుంది. చేయి తీసి తుడుచుకుంటాను.

నవంబరులో మళ్ళీ కాలి బలం కొలుస్తారు. పోయినసారి ఎనభై ఏడు వచ్చింది. షాపువాళ్ళ ఫారం ఇప్పుడు నెట్‌లో ముందే దొరుకుతుంది కాబట్టి ఒకటి ప్రింటు తీసి పెన్సిలుతో నింపాను. సాహితి చూసి "సో మెనీ బుక్స్ చదివావు, స్టిల్ నంబర్ వన్ ఆ?" అంది. నంబర్ వనే, మొదటి గడే అన్నాను. ఆ కాగితాన్ని లైబ్రరీ పుస్తకంలో పేజీ గుర్తుగా పెట్టుకున్నాను. పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడల్లా దాన్ని తీసి తర్వాతి పుస్తకంలో పెడుతున్నాను. తొంభై రాకపోతే ఇంకో ఏడాది అలాగే తిరుగుతుంది.

తోటివారికి ఒక్కటే చెప్పగలను. మంచుకే కాదు, కొండెక్కడానికి వెళ్ళినా, జిమ్ములో చేరినా ఎవరో ఒక కాగితం చేతికిచ్చి, మీరు ఏపాటివారు అని అడుగుతారు. మీరు చదివినది కాదు, మీ ఒళ్ళు చేసినది రాయండి. ఎదుటి మనిషి "కొత్తవారా?" అంటే అవునని తలూపండి. ఆ ఒక్క క్షణం చిన్నతనంగా ఉంటుంది, అంతే. ఆ పెద్దాయన ముందు మళ్ళీ నిలబడి అవును అనాలని నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.